ముక్కులో సాకరిన్ పలుకు

మా తమ్ముడి కోడలు పోయిన వారం ఒక యంత్రం తెచ్చి మా ముందు గదిలో పెట్టి వెళ్ళింది. చూడ్డానికి బియ్యం డబ్బాలా ఉంటుంది. గదిలోని గాలిని లోపలికి లాక్కుని, దుమ్మంతా పట్టుకుని, మంచి గాలిని బయటికి వదులుతుందట. గాలి బాగుంటే పచ్చ దీపం, బాగా లేకపోతే ఎర్ర దీపం. అశోక్ నగర్‌లో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే టీ బండ్ల చుట్టూ మూగే వీధిలో, పక్కనే పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్న చోట, మూడో అంతస్తులో ఉండే నాకు ఆ దీపం పచ్చగా వెలగడం చూసే భాగ్యం ఇంకా కలగలేదు. దేవుడి దగ్గర ఊదుబత్తి వెలిగిస్తే చాలు, అది బుసకొట్టి ఎర్రబడి నన్ను దొంగను చూసినట్టు చూస్తుంది. రెండు మూడు రోజులు ఓర్చుకున్నాను. తర్వాత దాని నెత్తిన తువ్వాలు కప్పాను.

నిన్న ఆ పిల్ల ఫోన్ చేసి, తువ్వాలు సంగతి విని నొచ్చుకుంది. "అత్తమ్మా, ఆ దుమ్ముల ఎట్లుంటున్నరు మీరు? ఈ వయసుల మీ లంగ్స్ ఏం తట్టుకుంటయి? మా దగ్గరికి వచ్చెయ్యండి, ఇక్కడ గాలి మంచిగుంటది," అంది. ప్రేమతోనే అంది, కాదనను. కానీ ఊపిరితిత్తులు ఏం తట్టుకుంటాయో, ఏం తట్టుకోలేవో చూడడానికే ఉద్యోగ జీవితమంతా ధారపోసిన మనిషిని నేను. నా ఊపిరితిత్తుల మీద ఒక బియ్యం డబ్బా తీర్పు చెబితే విని ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకని ఈ పొద్దున స్నానం చేసి, చాయ్ కూడా తాగకుండా, బాల్కనీలో కుర్చీ వేసుకుని, కుడి ముక్కులో ఒక సాకరిన్ పలుకు పెట్టుకుని కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ మనసులో తిరిగిన సంగతులే ఇప్పుడు సాయంత్రం తీరిగ్గా రాస్తున్నాను.

సాకరిన్ అంటే మన వయసు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. షుగరు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళు చొక్కా జేబులో చిన్న సీసా పెట్టుకుని, పెళ్ళిళ్ళకు వెళ్ళినా సరే చాయ్‌లో ఆ బిళ్ళ వేసుకుని తాగేవాళ్ళు, గుర్తుండే ఉంటుంది. దాన్ని ముక్కులో ఎందుకు పెట్టుకోవాలో మాత్రం చెప్పాలి. ముక్కు లోపలి పొర మీద కంటికి కనపడని నూగు ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో శైలికలు అని రాస్తారు. ఆ నూగు మీద పల్చటి జిగురు పరుచుకుని ఉంటుంది. నూగంతా ఆగకుండా గొంతు వైపుకే ఊగుతూ ఆ జిగురును తోస్తూ ఉంటుంది, పీల్చిన దుమ్ము ఆ జిగురుకు అంటుకుని గొంతు దాకా వచ్చి మనకు తెలియకుండానే కడుపులోకి దిగిపోతుంది. ఊపిరితిత్తుల గొట్టాల్లోనూ ఇదే ఏర్పాటు, కాకపోతే అక్కడ ఊడ్పు కింది నుంచి పైకి. ముక్కులో పెట్టిన పలుకు కరిగి ఆ జిగురు మీద ప్రయాణం చేసి గొంతుకు చేరినప్పుడు తీపి తెలుస్తుంది. తొందరగా తెలిస్తే లోపలి చీపురు బాగున్నట్టు, ఆలస్యమైతే అరిగిపోయినట్టు. అందాకా తుమ్మకూడదు, చీదకూడదు, ఏమీ తాగకూడదు. ఇంతకంటే చవకైన పరీక్ష నేను చూడలేదు, ఇంతకంటే పెద్ద గొడవ తెచ్చిపెట్టిన పరీక్షనూ చూడలేదు.

నాన్న చిన్నప్పుడే పోతే నన్నూ తమ్ముణ్ణీ పెంచింది చిన్నాయన. మా ఇల్లు చిక్కడపల్లిలో, కిరాయి ఇల్లు. చిన్నాయనకు నారాయణగూడ మార్కెట్ వెనక పరుపుల దుకాణం, లోయర్ ట్యాంక్ బండ్ వైపు దిగే సందులో దూది ఏకే షెడ్డు ఉండేవి. పాత పరుపుల్లోని గట్టిపడ్డ దూదిని, కొత్తగా వచ్చిన బేళ్ళ దూదిని అక్కడ మిషన్లో వేసి దులిపి మెత్తగా చేసేవాళ్ళు. బడి అయ్యాక చిన్నమ్మ ఇచ్చిన సద్ది డబ్బా పట్టుకుని నేను అక్కడికి వెళ్ళేదాన్ని. రేకుల సందు నుంచి ఎండ పడితే ఆ ఎండలో గాలి కనపడేది. గాలి కనపడడం ఏమిటని మీరు అనుకోవచ్చు, కానీ ఆ షెడ్డులో గాలి నిజంగానే కనపడేది, అంత దూది పోగు తేలుతూ ఉండేది. అక్కడ పనిచేసేవాళ్ళ కనుబొమలు పొద్దుగూకేసరికి తెల్లగా నెరిసి ఉండేవి. చిన్నాయన యజమాని అయినా మిషన్ దగ్గర తానే నిలబడేవాడు. ఇంటికొచ్చాక ఆయన దగ్గు విని వీధి చివర కిరాణా కొట్టువాడు షట్టరు దించే వేళైందని తెలుసుకునేవాడని చిన్నమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆ పోగంతా లోపలికి పోయి ఎక్కడ దాక్కుంటుందని చిన్నప్పుడు చిన్నాయననే అడిగాను. దేవుడు లోపల కూడా ఒక ఊడ్చే మనిషిని పెట్టే ఉంటాడులే బిడ్డా అన్నాడు. ఆ ఊడ్చే మనిషిని వెతుక్కుంటూ నేను నారాయణగూడలో కాలేజీ చదువు చదివాను, తర్వాత యూనివర్సిటీకి వెళ్ళాను, చివరికి శ్వాసకోశాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో చేరాను. ఆడపిల్లకు ఆ చదువెందుకని చుట్టాలు మొదలుపెడితే చిన్నాయన వాళ్ళకు జవాబు చెప్పకుండా చాయ్ తెమ్మని లోపలికి కేకేసేవాడు. ఆయన పద్ధతే అంత. ఎవరి మాటా మొహం మీద కాదనడు, ఎవరి మాటా వినడు.

మా సంస్థకు పెద్ద అయిన ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాడు, ఈ మాట ముందే చెప్పాలి. కప్ప అంగిలిని ఎలా విప్పి పరచాలో, దాని మీద చిటికెడు బొగ్గుపొడి వేస్తే అది ఎవరూ తోయకుండానే గొంతు వైపుకు ఎలా నడిచిపోతుందో నా చెయ్యి పట్టుకుని చూపించింది ఆయనే. కప్ప ప్రాణం పోయిన తర్వాత కూడా చాలాసేపు అంగిలి మీది ఆ నూగు తన పని తాను చేసుకుపోతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నేను ఆ గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. చిన్నాయన చెప్పిన ఊడ్చే మనిషి దొరికిందన్న సంతోషం అది, అంత సంతోషం ఆ తర్వాత ఏ పురస్కారమూ ఇవ్వలేదు.

ఆ రోజుల్లోనే దూది షెడ్లలో పనిచేసేవాళ్ళు తమ దగ్గుకు, ఆయాసానికి ఆ పనే కారణమని, దుమ్ము పీల్చే ఫ్యాన్లు, గొట్టాలు పెట్టించాలని అర్జీ పెట్టుకున్నారు. ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీ మా సంస్థను అడిగింది. అర్జీలో చెప్పింది నిజమని తేలితే గొట్టాలు బిగించేదాకా షెడ్లు మూసెయ్యాలి, అబద్ధమని తేలితే దగ్గేవాళ్ళు దగ్గుతూనే పనిచేసుకోవాలి. ఇది తేల్చడానికి పెద్దసారు ఎంచుకున్నది సాకరిన్ పరీక్ష. మనుషులను నువ్వే తీసుకురా, మీ వాళ్ళ షెడ్డే కదా అన్నారు. చిన్నాయన తన షెడ్డు వాళ్ళందరినీ ఉతికిన బట్టలు కట్టుకోమని చెప్పి, తానూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వాళ్ళతో పాటు బస్సెక్కి వచ్చాడు.

పెద్దసారు వాళ్ళను గౌరవంగానే కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి ముక్కులో పలుకు పెట్టి, చేతిలో గడియారంతో ఎదురుగా నిలబడి, ఉండుండి "తీపి తగిలిందా?" అని అడిగేవారు. వాళ్ళు మొదటిసారి తల అడ్డంగా ఊపేవాళ్ళు. రెండోసారి ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ తర్వాత అడిగితే చాలు, "తగిలింది సార్, మంచిగ తగిలింది," అనేవాళ్ళు. చిన్నాయన కూడా అలాగే అన్నాడు. లెక్కలు వేసి చూస్తే షెడ్డు వాళ్ళ ముక్కులు, పోలిక కోసం చూసిన మా ఆఫీసు గుమాస్తాల ముక్కుల కంటే చురుగ్గా ఉన్నాయని తేలింది. పెద్దసారు దానికో సిద్ధాంతం కూడా కట్టారు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు కండలతో పాటు శైలికలు కూడా చురుకెక్కుతాయట. కుర్చీలో కూర్చునే గుమాస్తాలు ఆ మాట విని చిన్నబుచ్చుకున్నారు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. మన ఇళ్ళలో ఎవరైనా పాయసం వడ్డించి తీపి సరిపోయిందా అని అడిగితే, అందులో చక్కెర వెయ్యడమే మర్చిపోయినా సరే, సరిపోయిందండీ అనే అంటాం. చిన్నాయన అందులో అందరికంటే రెండాకులు ఎక్కువ చదివినవాడు. ఆ సాయంత్రం నారాయణగూడలో బస్సు దిగి చిక్కడపల్లి వైపు ఇద్దరం నడుస్తున్నాం. అప్పటికి ఫ్లైఓవర్ లేదు, ఆ చౌరస్తాలో ఆకాశం ఇప్పటికంటే పెద్దదిగా ఉండేది. నడుస్తూ నడుస్తూ, నిజంగా తీపి తగిలిందా అని అడిగాను.

చిన్నాయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఏమో బిడ్డా. గంత పెద్ద సారు, గడియారం పట్టుకొని నా ముంగట నిలబడి, తగిలిందా తగిలిందా అని అడుగవట్టె. లేదు లేదంటుంటె ఏం మంచిగుంటది? నువ్వు పనిజేసే జాగల నీ ఇజ్జత్ పోవద్దు గద."

మిగతావాళ్ళ సంగతి ఏమిటని అడిగాను.

"ఆళ్ళకు గూడ నేనే చెప్పిన. సారును పరేషాన్ చెయ్యకుండ్రి, జల్ది ఒప్పుకోండ్రి, మన బిడ్డ తెచ్చిన మనుషులమని యాదుంచుకోండ్రి అని."

నా మీద ప్రేమతో ఒక షెడ్డు మొత్తం కలిసి విజ్ఞానశాస్త్రానికి అబద్ధం చెప్పింది. ఆ అబద్ధం వెళ్ళి పడేది మళ్ళీ వాళ్ళ ఛాతీ మీదే. చిన్నాయనకు కోపంగా ఏమైనా చెబుదామని ఆయన వైపు తిరిగితే, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని, కరెంటు స్తంభం పట్టుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఆగేదాకా పక్కన నిలబడ్డాను.

మర్నాడు పెద్దసారు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నమ్మలేదు. వాళ్ళు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది, చెబితే వాళ్ళకే కదా నష్టం అన్నారు. మొహమాటం సార్ అన్నాను. ఆయన అద్దాల పైనుంచి నన్ను చూసి, "డేటాలో మొహమాటం అనే కాలమ్ ఎక్కడుందమ్మా?" అన్నారు. నివేదిక అప్పటికే టైపు అయిపోయింది, కమిటీ తేదీ కూడా పెట్టేసింది. అంతా మళ్ళీ మొదలుపెడితే సంస్థ పరువేం కావాలని ఆయన బాధ. అలాగైతే అందులో నా పేరు తీసెయ్యండి అన్నాను. నాకు ముక్కు మీద కోపం ఉందని, ముక్కుల మీద పనిచేసేవాళ్ళకు అది పనికిరాదని ఆయన చమత్కరించారు గానీ, నేను నవ్వలేదు. పేరు తీసేశారు. మర్నాటి నుంచి నా బల్ల కప్పల గదిలోకి మారింది.

కప్పల గది మా సంస్థలో అందరూ తప్పించుకు తిరిగే చోటు. మెట్ల కింద ఉండేది, తడి వాసన, కిటికీ లేదు. నన్ను అక్కడ పెడితే నీరసపడి దారికి వస్తానని అనుకున్నారు. నేను మాత్రం కప్ప అంగిలి మీద బొగ్గుపొడి వేసి అది నడుస్తుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అలా చూస్తుండగానే తట్టింది. నేను కప్పను ఏమీ అడగడం లేదు. తగిలిందా అని అడగడం లేదు, అది తలూపడం లేదు. నల్లటి పొడి ఎక్కడుందో నా కళ్ళకు కనపడుతోంది, అంతే. కప్పకు మొహమాటం లేదు. మనిషి ముక్కులో కూడా సాకరిన్‌తో పాటు రంగు పెట్టి, ఆ రంగు గొంతులోకి ఎప్పుడు దిగిందో మనమే చూసుకుంటే, ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు కదా.

నారాయణగూడలో ముక్కు చెవి గొంతు డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, నిదానమైన మనిషి. చిన్నప్పుడు తమ్ముడి చెవిపోటుకు ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళేవాళ్ళం. ఆవిడ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ అంతా విని, "గొంతులో అద్దం పెట్టి చూసే పని నాకు వదిలెయ్యండి. హాని లేని నీలం రంగు మా దగ్గరే ఉంటుంది. కానీ మీ సారుకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించుకున్నారా?" అంది. ఆలోచించుకున్నానండీ, ఇప్పటికే కప్పల్లో ఉన్నాను, ఇంకా కిందికి పంపడానికి మా సంస్థలో చోటు లేదు అన్నాను. ఆవిడ నవ్వి, ఆదివారం నాడు ఆస్పత్రి తాళం తీసింది.

మళ్ళీ షెడ్డు వాళ్ళందరూ వచ్చారు. ఇది మందు కాదని, నొప్పి ఉండదని, ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చని ముందే చెప్పాను. ఒక్కరూ వెళ్ళలేదు. పలుకు పెట్టీ పెట్టకముందే వరసగా "తీపైంది అమ్మా," అని మొదలుపెట్టారు. ఆ ముచ్చట ఎవరూ ఎత్తొద్దని, ఇంకేదైనా మాట్లాడుకోమని చెప్పేసరికి ఆ బెంచీల మీద పిల్లల పెళ్ళిళ్ళు, సుల్తాన్ బజార్‌లో చీరల ధరలు, ట్యాంక్ బండ్ కింద నీళ్ళు వచ్చిన సంగతులు అన్నీ బయటికొచ్చాయి. ఉండుండి డాక్టరమ్మ ఒక్కొక్కరిని పిలిచి నోరు తెరిపించి లోపల చూసేది. వాళ్ళతో పోల్చడానికి పిలిచిన మందుల షాపు ఆయనకు, ఇడ్లీ బండి దంపతులకు చూస్తుండగానే గొంతులో నీలం దిగింది. షెడ్డు వాళ్ళకు దిగలేదు. ఎంతసేపు మాట్లాడుకున్నా దిగలేదు. చివరికి ఎప్పుడో ఆలస్యంగా కొందరికి నీలి చార కనపడింది. అందరికంటే ఎక్కువ కాలంగా మిషన్ దగ్గర పనిచేస్తున్న ఒకామెకు, చిన్నాయనకు మధ్యాహ్నం అన్నం వేళ దాటినా రంగు జాడే లేదు.

చిన్నాయన బెంచీ చివర కూర్చుని నన్నే చూస్తున్నాడు. రంగు వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. "ఆ దినం అబద్ధమాడిన గద, లోపల ఊడ్చేటామె అలిగినట్టున్నది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను రంగు సీసా మూత బిగించే వంకతో అటు తిరిగాను. ఆయన లోపలి చీపురు పూర్తిగా అరిగిపోయిందని అప్పుడు ఆ గదిలో తెలిసింది నాకూ డాక్టరమ్మకూ మాత్రమే. కాదు, చిన్నాయనకు కూడా తెలిసే ఉంటుంది.

డాక్టరమ్మా నేనూ చూసింది కమిటీకి చెబుతామని ఇంట్లో చెప్పాను. నేను కమిటీ ముందుకు వెళితే మూతపడేది మా షెడ్డే. నన్ను చదివించింది ఆ దూదే, తమ్ముడి చదువు ఇంకా నడుస్తున్నది ఆ దూదితోనే. మిగతా షెడ్ల యజమానులు వచ్చి అరుగు మీద కూర్చుని, మీ బిడ్డకు జర నచ్చజెప్పండని చిన్నాయనను బతిమాలారు. ఆయన ఎప్పట్లాగే ఎవరినీ కాదనకుండా చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు, వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చిన్నమ్మ ఒక్కతే, కమిటీ రోజు పొద్దున నా జడ వేస్తూ, నీకు నిజమనిపించింది చెప్పి రా బిడ్డా, అన్నం నేను చూసుకుంటా అంది.

కమిటీ వాళ్ళు ఒక పెద్ద హాల్లో కూర్చున్నారు. ముందు వరసలో యజమానులు, వాళ్ళ మధ్యలో చిన్నాయన, గోడ వెంబడి షెడ్ల వాళ్ళు. పెద్దసారు తన నివేదిక చదివారు. చదవడం అయ్యాక నేను లేచి, డాక్టరమ్మ పక్కన నిలబడి, మేము చూసింది చెప్పాను. హాలంతా గుసగుసలు. పెద్దసారు మొహం ఎర్రబడింది. ఈ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా ఆదివారం నాడు చేసిన పనికి విలువ లేదని, తాను స్వయంగా ఎదురుగా నిలబడి అడిగి తెలుసుకున్నానని, కావాలంటే ఆ షెడ్డు యజమాని ఇక్కడే ఉన్నాడు, తీపి తగిలిందని తన నోటితో చెప్పాడో లేదో ఆయన్నే అడగండని అన్నారు. అందరి తలలూ చిన్నాయన వైపు తిరిగాయి.

దుకాణంలో ఆయన మాటంటే మాటే. మార్కెట్లో ఆయన నోటి మాట మీద బేళ్ళకు బేళ్ళు దిగేవి. అటువంటి మనిషి నలుగురిలో లేచి నేను అబద్ధమాడానని చెప్పుకోవాలి, లేదంటే నన్ను అబద్ధాలకోరును చెయ్యాలి. నేను ఆయన వైపు చూడలేకపోయాను. కుర్చీ కదిలిన చప్పుడు వినపడింది.

"నేనే చెప్పిన సార్, తగిలిందని," అన్నాడు చిన్నాయన. "తగలలేదు. ఆ దినం తగలలేదు, మొన్న ఆదివారం తగలలేదు. మీరు పెద్దమనిషి, అన్నిసార్లు అడుగుతుంటె లేదనబుద్ధి కాలే. మా బిడ్డకు మాట రావద్దని తగిలిందన్న. నా దగ్గర పనిజేసేటోళ్ళతోని గూడ అనిపించిన. తప్పు నాది. బిడ్డ చెప్పేదే నిజం. నా షెడ్డు బంద్ పెడ్తరా, పెట్టుండ్రి." ఇంకా ఏదో అనబోయాడు గానీ దగ్గు తెర వచ్చి కూర్చుండిపోయాడు.

కమిటీ నివేదికను వెనక్కి పంపింది. వేరే డాక్టర్లతో రంగు పెట్టి మళ్ళీ చూడమంది. మళ్ళీ అదే తేలింది. షెడ్లలో దుమ్ము పీల్చే గొట్టాలు, ఫ్యాన్లు పెట్టాలని, పనివాళ్ళకు వైద్యం చేయించాలని ఉత్తర్వు వచ్చింది. అందరికంటే ముందు గొట్టాలు బిగించింది చిన్నాయనే. బిగించేదాకా షెడ్డు మూసి, చిన్నమ్మ గాజులు తాకట్టు పెట్టి, పనివాళ్ళను దుకాణంలో కుట్టు పనికి పెట్టుకున్నాడు. కొందరు యజమానులు ఆయనతో మాటలు మానేశారు. ఆ గొట్టాలు కొత్తగా వచ్చిన పనివాళ్ళను కాపాడాయి. ఆయనను కాపాడలేదు, అప్పటికే ఆలస్యమైపోయింది. కొన్నేళ్ళకు, పడుకుంటే ఊపిరాడక, తన చేత్తో దూది నింపిన మెత్తలు వెనక పెట్టుకుని కూర్చుని కూర్చునే వెళ్ళిపోయాడు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నేను కప్పల గదిలోనే ఉండిపోయాను. శిక్ష అని ఇచ్చిన గదిని పట్టుబట్టి ప్రయోగశాలగా మార్చుకున్నాను, కిటికీ కొట్టించుకున్నాను. తర్వాత తర్వాత కొత్త పరికరాలు వచ్చాయి. మనుషుల చేత సన్నని కణాలను పీల్పించి, అవి ఊపిరితిత్తుల్లోంచి ఎలా బయటికి నడిచొస్తున్నాయో కెమెరాలో చూసే రోజులూ వచ్చాయి. బొగ్గు పొయ్యిల దగ్గర కూర్చునేవాళ్ళను, రాళ్ళు కొట్టేవాళ్ళను, ట్రాఫిక్ చౌరస్తాలో నిలబడేవాళ్ళను చూశాను. ప్రతిచోటా ఒకటే నియమం పెట్టాను. పరీక్షకు వచ్చినవాళ్ళను, వాళ్ళు మొహమాటపడే మనుషులెవరూ ఏమీ అడగకూడదు. మా వాళ్ళు నవ్వుతూ దాన్ని మొహమాటం రూల్ అనేవాళ్ళు. నవ్వనీ. సంస్థకు పెద్దను కాలేదని జాలిపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకా విచారం లేదు. పెద్దసారు రిటైరయ్యే రోజు మెట్లు దిగి కప్పల గదికి వచ్చి, కాసేపు కిటికీ దగ్గర నిలబడి, ఆ కాలమ్ ఉండాల్సిందేనమ్మా అని వెళ్ళారు. అంతకంటే ఇంకేం కావాలి.

అందుకే మా తమ్ముడి కోడలికి నేను చెప్పే జవాబు ఒకటే. నేను రాను. దుమ్ము మంచిదని కాదు. దుమ్ము ఏం చేస్తుందో నాకంటే ఎవరికి తెలుసు. దాన్ని పుట్టిన చోట ఆపాలి గానీ, మనిషిని గదిలో పెట్టి తలుపు వెయ్యడం ఏం వైద్యం? పక్క స్థలం బిల్డరుతో చేతికర్ర పట్టుకుని పొద్దున్నే గొడవ పడుతున్నాను. మొదట ముసలావిడ చాదస్తమనుకున్నాడు. ఇప్పుడు పచ్చ గుడ్డలు కట్టించాడు, పైపుతో నీళ్ళు కొట్టిస్తున్నాడు, అక్కడ ఇటుకలు మోసే వాళ్ళకు మూతి గుడ్డలు తెప్పించాడు. నన్ను చూస్తే ఇంకా మొహం చిట్లిస్తాడనుకోండి, దానికి మందు నా దగ్గర లేదు.

ఇదంతా తలుచుకుంటూ పొద్దున బాల్కనీలో కూర్చున్నాను. చిన్నాయన షెడ్డు ఉన్న సందులో ఇప్పుడు బండ్లు నిలుపుతున్నారు. నారాయణగూడలో దుకాణం ఉన్నచోట ఫోమ్ పరుపులు అమ్ముతున్నారు, వాటికి దూదీ అక్కర్లేదు, ఏకేవాళ్ళూ అక్కర్లేదు. దూది బరువు, ఎండలో వేసిన పరుపు వాసన మా తమ్ముడి మనవలకు తెలియవు, తెలియకపోతేనే వాళ్ళ ఛాతీలకు మంచిదని నాకూ తెలుసు. యంత్రాలు ఎవర్నీ అడగకుండానే అన్నీ చెబుతున్నాయి, వాటికి ఎవరి పరువూ పట్టదు, ఎవరి మీదా ప్రేమ లేదు. నేను కోరుకున్నది అదే, జీవితమంతా కొట్లాడింది దాని కోసమే, మళ్ళీ పుట్టినా దాని కోసమే కొట్లాడతాను. కానీ నాకు మాట రాకూడదని, లేని తీపిని ఉందని చెప్పే మనుషులు బస్సెక్కి వరసగా నా వెనక నడిచొచ్చిన రోజు ఒకటుండేది. అలాంటివాళ్ళు ఇప్పుడు నాకు ఒక్కరూ మిగల్లేదు.

ఎండ బాల్కనీ దాటి గది లోపలికి వచ్చింది. కింద టీ బండి దగ్గర పిల్లలు రెండో విడత మారిపోయారు. ఈ వయసులో ఆలస్యమవుతుందని తెలిసినా, లోపల ఎక్కడో గుబులు మొదలైంది. లేచి వెళ్ళి నోరు కడుక్కుందామా అనుకుంటుండగా, నాలుక వెనకాల, గొంతు అంచున, సన్నగా తెలిసింది. ఆగి చూసుకున్నాను. ఇంకాస్త తెలిసింది. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. గడియారం పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాళ్ళూ లేరు. అయినా పైకే అన్నాను.

"తగిలింది చిన్నాయనా. నిజంగనే తగిలింది."